డోబర్‌మన్ చెవులు నిలబడాలంటే కోయాల్సిందేనా?

హనుమకొండలో ఉండే మా తమ్ముడు (పెద్దమ్మ కొడుకు) పోయిన సంక్రాంతికి ముందు ఒక డోబర్‌మన్ పిల్లను తెచ్చుకున్నాడు. నల్లటి ఒళ్లు, కళ్ల మీద రెండు ఇటుకరంగు చుక్కలు, మూరెడు కూడా లేదు. తెచ్చిన మూడో రోజే నాకు ఫోన్ చేశాడు. "అన్నా, చెవులు ఎప్పుడు కోయించాలె? లేటయితే ఇగ నిలబడవట. అమ్మినాయన రోజూ ఫోన్ చేసి టెన్షన్ పెడుతుండు."

కోయించాలా వద్దా అని అతను అడగలేదు. ఎప్పుడు అని అడిగాడు. టీకాలు వేయించినట్టే ఇదీ ఒక పని, చేయించకపోతే కుక్కకు ఏదో లోటు చేసినట్టే అన్న నమ్మకం ఆ మాటలో ఉంది. ఇది అతని ఒక్కడి నమ్మకం కాదు. డోబర్‌మన్, గ్రేట్ డేన్, బాక్సర్, పిట్‌బుల్, కేన్ కోర్సో కొనేవాళ్లలో చాలామంది ఇలాగే అనుకుంటారు. ఇంకొందరికి ఆ చెవులు కోస్తేనే అలా వస్తాయన్న సంగతే తెలియదు, పుట్టుకతోనే కొమ్ముల్లా నిలబడి ఉంటాయనుకుంటారు. ఒక వైపు కుక్కలు అమ్మేవాళ్లు తప్పదంటారు, మరో వైపు జంతు ప్రేమికులు అది నేరమంటారు. మధ్యలో కొన్నవాళ్లు అయోమయంలో పడతారు. అందుకే ఈ విషయాన్ని మొదటి నుంచి విడదీసి చూద్దాం.

పుట్టుకతో నిలిచే చెవులు, కోస్తే నిలిచే చెవులు

జర్మన్ షెపర్డ్ చెవులు ఎవరూ కోయరు. పిల్లగా ఉన్నప్పుడు వాలిపోయి ఉంటాయి, పళ్లు మారే నాలుగైదు నెలల వయసులో ఒకసారి లేచి ఒకసారి పడి, చివరికి వాటంతటవే నిలబడతాయి. ఆ చెవి లోపలి మృదులాస్థి గట్టిది, చెవి ఆకారం కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. మన ఊరి కుక్కల్లో కూడా చాలావాటికి నిలిచిన చెవులే, కొన్నిటికి కొసలు వంగిన చెవులు.

డోబర్‌మన్ అలా కాదు. దాని చెవి వెడల్పుగా, పలచగా ఉండి చెంప మీదికి వాలుతుంది. దాని పుట్టు రూపం అదే. గ్రేట్ డేన్‌కీ బాక్సర్‌కీ కూడా అంతే. ఫొటోల్లో మనం చూసే సూదుల్లాంటి చెవులు కోత వల్ల వచ్చినవి. కాబట్టి "చెవులు నిలబడలేదు, ఏదైనా లోపమా?" అని డోబర్‌మన్ యజమాని బెంగపడాల్సిన పని లేదు. జర్మన్ షెపర్డ్‌కు ఏడాది వచ్చినా నిలబడకపోతే, అప్పుడు అడగాల్సిన ప్రశ్న అది.

కోతలో అసలు ఏం చేస్తారు

చెవిలో బయటికి కనిపించే భాగాన్ని చెవిదొప్ప అంటారు. రెండు వైపులా చర్మం, మధ్యలో మృదులాస్థి, వాటి మధ్య దట్టంగా రక్తనాళాలు, నరాలు. కుక్క చెవి కొంచెం చిరిగినా నెత్తురు ఆగక ఇల్లంతా చిమ్మిందని కుక్కలు పెంచేవాళ్లు చెప్తుంటారు, అది ఇందుకే.

చెవుల కోత మామూలుగా 9 నుంచి 12 వారాల వయసులో చేస్తారు. సరిగా చేస్తే పిల్లకు పూర్తి మత్తు ఇవ్వాలి. చెవిదొప్ప బయటి అంచును కొలిచి, గీత గీసి, కత్తితో గానీ కత్తెరతో గానీ లేజర్‌తో గానీ కోసేస్తారు. రెండు చెవులూ ఒకే కొలతలో రావాలి. తర్వాత అంచు పొడవునా కుట్లు వేస్తారు. ఎంత ముక్క తీస్తారన్నది ఏ తీరు కావాలన్న దాన్నిబట్టి ఉంటుంది. పొట్టిగా కోసేది ఒకటి, షోల కోసం పొడవుగా, కొస సన్నగా ఉండేలా కోసేది ఇంకొకటి. చెవి ఎంత పొడవుగా మిగిలితే అది నిలబడడానికి అంత ఎక్కువ కాలం పడుతుంది.

జనానికి తెలియని భాగం ఇక్కడే మొదలవుతుంది. కోసినంత మాత్రాన చెవులు లేచి నిలబడవు. కుట్లు 10 నుంచి 14 రోజుల్లో తీస్తారు. ఆ తర్వాత చెవి లోపల ఫోమ్ కడ్డీ లాంటి ఆధారం పెట్టి, చుట్టూ టేప్ వేసి నిటారుగా కట్టాలి. కొన్ని రోజులకొకసారి అది విప్పి, చర్మం తుడిచి, ఆరనిచ్చి, మళ్లీ కట్టాలి. ఇది వారాలు పట్టొచ్చు, పొడవు చెవులైతే నెలలు పట్టొచ్చు. పళ్లు వచ్చే వయసులో నిలిచిన చెవి మళ్లీ పడిపోవడం మామూలే. అప్పుడు మళ్లీ కట్లు.

మా తమ్ముడి కుక్కపిల్లకు టీకా కోసం క్లినిక్‌కు వెళ్లిన రోజు మాకన్నా ముందు ఒక గ్రేట్ డేన్ పిల్ల ఉంది. మూడు నెలలుంటాయి. రెండు చెవులూ తెల్ల టేపుతో కట్టి, రెండింటికీ మధ్య అడ్డంగా ఇంకో టేపు పట్టీ వేసి ఉంది. డాక్టర్ గారు ఆ టేపును నూనెలో తడిపిన దూదితో మెల్లగా ఊడదీస్తుంటే గదంతా పుల్లటి వాసన వచ్చింది. కట్టు కింద చర్మం నానిపోయి, ఎక్కువసేపు నీళ్లలో ఉన్న మన వేళ్లలా తెల్లగా ముడతలు పడి ఉంది. ఎడమ చెవి మొదట్లో ఒక కుట్టు పడిన చోట చీము. పిల్ల అరవలేదు. తల మాత్రం యజమాని చంకలోకి తోస్తూనే ఉంది. ఆయన దాన్ని ప్రేమగానే పట్టుకున్నాడు. మంచి ఆపరేషన్, మంచి సంరక్షణ దొరికిన పిల్ల అది.

ఒక పిల్ల క్యాలెండర్ వేసి చూస్తే

ఈ వయసులో ఇంకేం జరుగుతుంటాయో పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఈ నిర్ణయం బరువు తెలియదు. మా తమ్ముడి పిల్ల టీకా కార్డు మీద పుట్టిన తేదీ నవంబర్ 1. దాన్నే తీసుకుందాం.

దేశంలో కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అంటే డిసెంబర్ 27 కంటే ముందు అది ఇల్లు మారకూడదు. పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులకు మొదటి టీకా 6 నుంచి 8 వారాల మధ్య, అంటే డిసెంబర్ 20 ప్రాంతంలో పడుతుంది. మూడు నాలుగు వారాలకొకటి చొప్పున మిగతా డోసులు వేసుకుంటూ పోతే, 16 వారాలు నిండే ఫిబ్రవరి 21 దాకా ఆ పిల్లకు పూర్తి రక్షణ ఉందని చెప్పలేం.

చెవులు కోయించాలంటే జనవరి 3 నుంచి 24 లోపు. జనవరి 3న కోయిస్తే కుట్లు తీసేది సరిగ్గా సంక్రాంతికి, ఇల్లంతా చుట్టాలున్నప్పుడు. ఆ తర్వాత టేపు మార్చడానికి వారానికోసారి క్లినిక్‌కు వెళ్లాలి. జబ్బు కుక్కలు వచ్చేదీ అక్కడికే. పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది. టీకాలు పూర్తికాని పిల్లను అన్నిసార్లు అక్కడికి తీసుకుపోవడం చిన్న రిస్క్ కాదు.

ఇంకొకటి ఉంది. కుక్కపిల్ల లోకాన్ని నేర్చుకునే వయసు సుమారుగా 3 నుంచి 12–14 వారాలు. మనుషులు, పిల్లలు, ఆటోల చప్పుడు, మిగతా కుక్కలు, ప్రెషర్ కుక్కర్ విజిల్ – ఇవన్నీ భయపడాల్సినవి కావని అది ఆ రోజుల్లోనే నేర్చుకుంటుంది. మన పిల్ల లెక్కలో అది నవంబర్ 22 నుంచి ఫిబ్రవరి 7 దాకా. కొత్త ఇంట్లోకి వచ్చిన తర్వాత మిగిలేది ఆరు వారాలే. చెవులు కోయిస్తే ఆ ఆరు వారాల్లో ఎక్కువ రోజులు తల మీద కట్టుతో, చెవిని ముట్టుకుంటే నొప్పితో, మెడకు ప్లాస్టిక్ గరాటుతో గడుస్తాయి. అలా పెరిగిన ప్రతి కుక్కా పిరికిదో కోపిష్టిదో అవుతుందని కాదు. బాగా పెరిగినవీ చాలా ఉన్నాయి. కానీ చేతులంటే హాయి అని నేర్చుకోవాల్సిన వయసులో చేతులంటే మంట అని నేర్పే అవకాశం అందులో ఉంది. ఇది ఎవరూ లెక్కలోకి తీసుకోని ఖర్చు.

అసలు ఈ అలవాటు ఎక్కడిది

వేటకూ కుక్కల పందేలకూ వాడిన రోజుల్లో చెవి ఒక బలహీనత. ఎదుటి కుక్క పట్టుకోవడానికి అందేది, చిరిగేది, నెత్తురు ధారగా పోయేది. పట్టుకోవడానికి వీలు లేకుండా ముందే కోసేసేవారు. కాపలా కుక్కలకు, మందల వెంట తిరిగే కుక్కలకు కూడా తోడేళ్ల పంటికి దొరకకుండా అని అదే పని చేసేవారు.

డోబర్‌మన్ కథ కూడా ఇలాంటిదే. 19వ శతాబ్దం చివర్లో జర్మనీలోని అపోల్డా అనే ఊళ్లో కార్ల్ ఫ్రీడ్రిష్ లూయిస్ డోబర్‌మన్ అనే ఆయన ఉండేవాడు. పన్నులు వసూలు చేసేవాడు. డబ్బు సంచితో ఒంటరిగా తిరగాలి గనుక తోడుగా ఉండే, భయపెట్టే కుక్క కావాలని ఈ జాతిని తయారు చేశాడు. ఆయన పేరే దానికి వచ్చింది. చూడగానే ఎదుటివాడు ఆగిపోవాలన్నది దాని పుట్టుకలోనే ఉన్న కోరిక. కోసిన చెవులు ఆ కోరికకు సరిపోయాయి.

మన ఊళ్లలోనూ ఇలాంటివి ఉన్నాయి. కుక్కపిల్ల తోక కొస కోస్తే పౌరుషం వస్తుందని, చెవి కొస తీస్తే బాగా కాపలా కాస్తుందని పెద్దలు అనడం నేను చిన్నప్పుడు విన్నాను. రెండు వేల ఏళ్ల కింద రోమన్ కాపరులు తోక కొస తీస్తే కుక్కకు పిచ్చి పట్టదని నమ్మేవారట. ఊరు మారినా, కాలం మారినా నమ్మకం తీరు ఒకటే.

ఇప్పుడు హనుమకొండ అపార్ట్‌మెంట్‌లో ఉండే కుక్కకు తోడేలు ఎదురు కాదు. అందుకే కోతకు కొత్త కారణాలు అవసరమయ్యాయి.

ఆరోగ్యానికి మంచిదన్న మాటలో ఎంత నిజం

అమ్మేవాళ్లు ఎక్కువగా చెప్పేది ఇదే. వాలిన చెవిలో గాలి ఆడదు, తేమ నిలుస్తుంది, చీము పడుతుంది, కోస్తే ఆ బాధ ఉండదు అని. ఇది పూర్తిగా గాలి మాట కాదు. బ్రిటన్‌లో 22 వేలకు పైగా కుక్కల వైద్య రికార్డులు పరిశీలించి 2021లో ప్రచురించిన ఒక అధ్యయనంలో నిలిచిన చెవులున్న జాతుల కన్నా వాలిన చెవులున్న జాతులకు చెవి వాపు వచ్చే అవకాశం సుమారు 1.76 రెట్లు ఉన్నట్టు తేలింది. కాబట్టి వాలిన చెవికీ జబ్బుకీ సంబంధమే లేదనేవాళ్లది కూడా పొరపాటే.

అదే అధ్యయనంలో ఎక్కువ ముప్పు కనిపించిన జాతుల పేర్లు చూడండి: బాసెట్ హౌండ్, షార్ పే, లాబ్రడూడిల్, బీగిల్, గోల్డెన్ రిట్రీవర్. వీటిలో ఏ ఒక్కదానికీ ఎవరూ చెవులు కోయరు. చెవి జబ్బు నుంచి కాపాడడమే కోత ఉద్దేశమైతే మొదట బీగిల్‌నూ కాకర్ స్పానియల్‌నూ బల్ల మీద పడుకోబెట్టాలి. వరంగల్‌లో ఏ వీధికి వెళ్లినా కనిపించే లాబ్రడార్‌కు (ల్యాబ్) కూడా వాలిన చెవులే. చెవి నొప్పితో తల విదిలించే ల్యాబ్‌ను చెవులు కోయడానికి ఎవరూ తీసుకుపోరు, మందు వేయిస్తారు.

ఎందుకంటే జబ్బు పుట్టేది ఎక్కువగా లోపల. కుక్క చెవి గొట్టం మనదిలా తిన్నగా ఉండదు, కిందికి దిగి, లోపలికి మలుపు తిరిగి ఉంటుంది. అలర్జీలు, పురుగులు, స్నానం చేయించినప్పుడు నిలిచిన నీళ్లు, లోపల దట్టంగా పెరిగిన వెంట్రుకలు – ఇవి ఆ గొట్టంలో వాపు తెస్తాయి. కోత గొట్టాన్ని మార్చదు, బయటి తలుపు రెక్కను మాత్రమే తీసేస్తుంది. పైగా వానాకాలంలో మన దగ్గర కుక్కకు ఏ చిన్న పుండు పడినా ఈగలు వాలి పురుగులు పట్టడం ఎంత తొందరగా జరుగుతుందో పశువైద్యశాలలో ఒక్క పూట కూర్చుంటే తెలుస్తుంది. చెవి పొడవునా ఉన్న కుట్ల గాయాన్ని ఆ రోజుల్లో కాపాడుకోవడం మాటలు కాదు.

బాగా వినిపిస్తుందన్న మాటకు గట్టి ఆధారం లేదు. మనిషి చెవి 20 వేల హెర్ట్‌జ్ దాకా వింటే కుక్క చెవి సుమారు 45 వేల దాకా వింటుంది. వాలిన చెవుల ల్యాబ్ వంటింట్లో బిస్కెట్ ప్యాకెట్ చప్పుడుకు పడకగది నుంచి పరుగెత్తుకొస్తుంది.

వైద్యం కోసం చేసే చెవి ఆపరేషన్ వేరు. చెవిలో గడ్డ పెరిగినా, తల విదిలించి విదిలించి చెవిదొప్పలో నెత్తురు నిండి బూరెలా ఉబ్బినా, కుక్కలు కొట్టుకుని చెవి చీలిపోయినా కత్తి పట్టాల్సిందే. అది చెవుల కోత కిందికి రాదు, ఆ ఆపరేషన్ల మీద ఎక్కడా వివాదం లేదు.

నొప్పి సంగతి

"పసిపిల్లలు కదా, నొప్పి తెలీదు" అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. కుక్కపిల్లకు ఏడెనిమిది వారాల నాటికి నొప్పి తెలిసే నరాల వ్యవస్థ పూర్తిగా పనిచేస్తూ ఉంటుంది. చెవి నొప్పి సంగతి మన భాషకు ఎప్పుడో తెలుసు: ఆగకుండా అరిచేవాణ్ని "చెవికోసిన మేకలా అరుస్తున్నాడు" అంటాం. మందలో తమ మేకలను గుర్తు పట్టడానికి చెవికి గాటు పెట్టే కాపరులను చూసినవాళ్లు పుట్టించిన మాట కావచ్చు అది.

మత్తు ఇచ్చి, నొప్పి మందులు వాడి చేస్తే కోసే క్షణంలో బాధ ఉండదు, నిజమే. తర్వాతి రోజులది అలా కాదు, కుట్ల నొప్పి ఉంటుంది, కట్ల చిరాకు ఉంటుంది. అసలు పెద్ద బాధ ఇంకో చోట ఉంది. డాక్టర్ దాకా పోకుండా, అమ్మే చోటే, ఎవరో చేయి తిరిగిన మనిషి బ్లేడుతో కోసేసి పసుపు పెట్టిన పిల్లలు కూడా సంతకు వస్తాయి. 1984 నాటి భారత వెటర్నరీ కౌన్సిల్ చట్టం ప్రకారం రిజిస్టరైన పశువైద్యులు తప్ప ఇంకెవరూ ఇలాంటి శస్త్రచికిత్స చేయకూడదు. అమ్మకానికి వచ్చేసరికే చెవులు కోసి, మానిపోయి ఉన్నాయంటే, ఆ పని ఎవరు చేశారు, ఏ వయసులో చేశారు అన్నది కొనేవాడికి కనిపించదు.

మనం పిల్లలకు చెవులు కుట్టించట్లేదా?

ఈ ప్రశ్న మా తమ్ముడే వేశాడు. తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు. పిల్లలకు చెవులు కుట్టిస్తాం. గేదెలకు 12 అంకెల పసుపు పచ్చ ట్యాగు చెవికి వేస్తారు. ఎద్దులకు ముక్కుతాడు పొడుస్తారు. కుక్కలకే పిల్లలు పుట్టకుండా పెద్ద ఆపరేషన్లు చేయిస్తాం. వీటన్నిటికీ లేని అభ్యంతరం చెవుల కోతకే ఎందుకు?

ఒక్కొక్కటీ విడిగా చూస్తే తేడా తెలుస్తుంది. చెవికుట్టు రంధ్రం మాత్రమే, చెవిలో సగం పోదు, నెలల కట్లు ఉండవు. గేదె ట్యాగు ఒక్క పోటు, దానివల్ల టీకాల వివరాలు, బీమా, జబ్బుల లెక్క సాధ్యమవుతాయి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చెవుల కోత కన్నా పెద్దదే. కానీ ఆడకుక్కకు గర్భసంచిలో చీము పట్టే ప్రాణాంతక జబ్బు రాకుండా ఆపుతుంది, దిక్కులేని పిల్లలు పుట్టకుండా చేస్తుంది. అంటే నొప్పి ఉందా లేదా అన్న ఒక్క కొలతే సరిపోదు. ఎంత నొప్పి, ఎన్నాళ్లు, దానికి బదులు ఎవరికి ఏం దక్కుతుంది అని మూడూ కలిపి అడగాలి.

వీధికుక్కల చెవికి పెట్టే గాటు విషయంలోనూ జనం తికమక పడుతున్నారు. 2025లో సుప్రీంకోర్టులో వీధికుక్కల కేసు నడిచినప్పటి నుంచి దాని గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఆపరేషన్ చేసిన వీధికుక్కను గుర్తు పట్టడానికి, అది మత్తులో ఉండగానే చెవి కొసన చిన్న ముక్క తీస్తారు. ఆ గుర్తు లేకపోతే అదే కుక్కను మళ్లీ పట్టుకొచ్చి, మళ్లీ మత్తిచ్చి, పొట్ట కోసి చూడాల్సి వస్తుంది. ఆ గాటు కుక్కను రెండో కోత నుంచి కాపాడుతుంది. "మున్సిపాలిటీవాళ్లు కోస్తే తప్పు లేదు, మేం కోయిస్తే తప్పా?" అన్న ప్రశ్నకు జవాబు ఆ తేడాలో ఉంది.

చట్టం ఏమంటోంది, ఎక్కడ ఆగిపోతోంది

మన దేశంలో "కుక్క చెవులు కోయరాదు" అని ఒక్క వాక్యంలో రాసి, జైలు శిక్ష పెట్టిన చట్టం ఉందనుకునేవాళ్లు ఉన్నారు. అసలు అడ్డే లేదనుకునేవాళ్లూ ఉన్నారు. నిజం మధ్యలో ఉంది.

1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం, సెక్షన్ 11 కింద జంతువు అంగాన్ని ఛేదించడం నేరం. అదే సెక్షన్‌లో కొన్ని మినహాయింపులు ఉన్నాయి: పశువుల కొమ్ములు తీయడం, వట్టలు తీయడం, వాతలు వేయడం, ముక్కుతాడు – నిర్ణీత పద్ధతిలో చేస్తే. ఆ జాబితాలో చెవుల కోత లేదు. దీన్నిబట్టి అందం కోసం చెవులు కోయడం అంగచ్ఛేదం కిందికే వస్తుందని జంతు సంక్షేమ బోర్డు వాదన. 2011లో భారత వెటర్నరీ కౌన్సిల్ కూడా పశువైద్యులు ఇలాంటివి చేయకుండా చూడమని రాష్ట్రాలకు రాసింది. దాన్ని జాతి కుక్కల పెంపకందారుల సంఘమైన కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా మద్రాసు హైకోర్టులో సవాలు చేసింది, కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. "కోర్టే ఒప్పుకుంది కదా" అనేవాళ్ల ఆధారం ఈ తీర్పే. కానీ కోర్టు కొట్టేసింది కౌన్సిల్ ఆదేశాన్ని. 1960 చట్టం మాత్రం అలాగే ఉంది.

శిక్ష చూస్తే మనసు చివుక్కుమంటుంది. మొదటి తప్పుకు 10 నుంచి 50 రూపాయల జరిమానా. అరవై ఏళ్ల కింద పెట్టిన అంకె ఇప్పటికీ అదే. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325లో జంతువును చంపడానికి, వికలాంగం చేయడానికి ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. కానీ అది ఆస్తికి సంబంధించిన నేరాల అధ్యాయంలో ఉంది. సొంత కుక్కకు యజమానే డాక్టర్ చేత చేయించిన కోతకు దాన్ని వర్తింపజేయడం అంత సులువు కాదు.

అందువల్ల ఆచరణలో నిర్ణయం పశువైద్యుల మీద పడుతోంది. చేయనని చెప్పేవాళ్లు ఉన్నారు. "నేను వద్దంటే బ్లేడు పట్టుకున్నవాడి దగ్గరికి పోతారు, కనీసం మత్తిచ్చి చేస్తా" అని బాధపడుతూ చేసేవాళ్లూ ఉన్నారు. రెండోవాళ్ల మాటను నేను తేలిగ్గా తీసుకోలేను, అందులో నిజాయితీ ఉంది. అయితే డాక్టర్ చేస్తున్నంత కాలం అది మామూలు పనే అన్న భావన జనంలో బలపడుతూనే ఉంటుంది.

పుట్టిన దేశంలో ఏం జరిగింది

డోబర్‌మన్, గ్రేట్ డేన్, బాక్సర్ మూడూ జర్మనీ జాతులే. ఆ జర్మనీ 1987లోనే చెవుల కోతను ఆపేసింది. బ్రిటన్‌లో కెన్నెల్ క్లబ్ 19వ శతాబ్దం ముగియకముందే చెవులు కోసిన కుక్కలను షోలకు రానివ్వడం మానేసింది. 1987 నాటి యూరప్ పెంపుడు జంతువుల ఒప్పందంలో చెవులు, తోకలు కోయడం, మొరగకుండా స్వరతంత్రులు కోయడం, గోళ్లు పీకడం నిషేధాల కింద ఉన్నాయి.

అమెరికాలో లెక్క వేరు. అక్కడి అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఇది జాతి స్వరూపంలో భాగమని, యజమానికీ డాక్టర్‌కీ వదిలేయాలని అంటుంది. అక్కడి పశువైద్యుల సంఘం మాత్రం 2008 నుంచి అందం కోసమే చేసే చెవుల కోతను, తోక కోతను వ్యతిరేకిస్తోంది. మనం ఫోన్లలో చూసే డోబర్‌మన్ ఫొటోలు, వీడియోలు ఎక్కువగా అక్కడివే. అందుకే మన కంటికి ఆ రూపమే అసలు రూపంగా స్థిరపడింది.

కోతకు అనుకూలంగా మాట్లాడేవాళ్ల వైపు కూడా ఒక మాట ఉంది. వంద ఏళ్లకు పైగా ఒక జాతికి ఒక రూపం ఉంది, దాన్ని కాపాడాలనుకోవడం క్రూరత్వం కాదు, ప్రేమే అంటారు. వాళ్లలో చాలామంది తమ కుక్కల కోసం ప్రాణం పెట్టేవాళ్లే, అది నేను చూశాను. అయితే అంతర్జాతీయ కుక్కల సమాఖ్య ఇప్పటి డోబర్‌మన్ ప్రమాణంలో చెవిని సహజంగా వదిలేయాలని, అది చెంపకు ఆనుకుని ఉంటే మంచిదని రాసుకుంది. జాతి రూపం అన్న వాదన కూడా పుట్టింట్లోనే మారిపోయింది.

భయపెట్టడం మాత్రం నిజంగా పనిచేస్తుంది. కెనడా పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో చెవులు, తోక కోసిన కుక్క ఫొటోలు చూసినవాళ్లు వాటిని ఎక్కువ కోపిష్టివిగా అనుకున్నారు. కుక్కతో పాటు దాని యజమానిని కూడా. ఇంటి ముందు కాపలాకు అది పనికొస్తుందని కొందరు, అపార్ట్‌మెంట్ లిఫ్టులో అదే శాపమవుతుందని కొందరు అంటారు. చెవి కుక్కకు మాట కూడా. భయపడితే వెనక్కి లాగుతుంది, ఆసక్తి కలిగితే ముందుకు తెస్తుంది. ఎదుటి కుక్క ఆ కదలికను చదువుకుంటుంది. నిటారుగా బిగిసిపోయిన చెవిలో ఆ మాట కొంత తగ్గుతుంది.

ఇప్పటికే కోసి ఉంటే

చెవులు కోసిన కుక్కను దత్తత తీసుకున్నవాళ్లను, తెలియక కొన్నవాళ్లను రోడ్డు మీద ఆపి తిట్టేవాళ్లు కొందరున్నారు. ఆ కుక్కకు దానివల్ల ఒరిగేది లేదు. మానిపోయిన చెవికి ఇంకేమీ చేయనక్కర్లేదు. ఒక చెవి నిలిచి ఒక చెవి పడిపోయిన కుక్కలు కూడా ఉంటాయి. సరిచేయడానికి రెండో ఆపరేషన్ అడిగేవాళ్లు ఉంటారు, అప్పుడు పిల్ల వయసు ఇంకా ఎక్కువ, గాయం ఇంకా పెద్దది. పడిపోయిన చెవితో ఆ కుక్కకు ఏ ఇబ్బందీ ఉండదు, ఇబ్బంది చూసేవాళ్లదే.

మా తమ్ముడు నెల రోజులు ఊగిసలాడాడు. అమ్మినాయన ఫోన్లు ఆపలేదు, జనవరి 24 దాటిపోయింది, పిల్లకు పన్నెండు వారాలు నిండాయి. ఇప్పుడది మోకాలి పైకి పెరిగింది. సాయంత్రాలు వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడిపిస్తాడు. వారంలో రెండు సార్లయినా ఎవరో ఒకరు ఆగి, "అన్నా, ఇది డోబర్‌మనేనా? చెవులెందుకు పడిపోయినయ్?" అని అడుగుతారట. "పడిపోలేదన్నా, పుట్టుకే గంతే" అని చెప్తాడు. దూరంగా అతని బండి లాంటి బండి చప్పుడు వినబడితే దాని ఎడమ చెవి ముందు లేస్తుంది. మధ్యలో మడత పడి, కొస మాత్రం వెనక్కి వంగే ఉంటుంది.